బాపు దాచిన రసీదులు

మా బాపు, అంటే మా నాన్న, తన జీవితంలో రెండు కార్మిక సంఘాలకు చందా కట్టాడు. మొదటిదానికి భయపడి కట్టాడు, రెండోదానికి ఇష్టపడి కట్టాడు. భయపడి కట్టిన చందా ఆయనకు పర్మినెంటు నౌకరీ ఇప్పించింది. ఇష్టపడి కట్టిన చందా ఆ నౌకరీని పోగొట్టింది. అయినా ముసలితనంలో కూడా ఆ రెండో సంఘం పేరెత్తితేనే ఆయన మొహం వెలిగేది. ఈ లెక్క నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా అర్థమైందని చెప్పను.

మాది సిరిసిల్ల. మానేరు ఒడ్డున మగ్గాల ఊరు. పద్మశాలీలం. ఊళ్ళో మగ్గం మీద వచ్చే కూలి ఇంటిల్లిపాదికీ చాలక బాపు 1966లో, పద్దెనిమిదేళ్ళ వయసులో బొంబాయి రైలెక్కాడు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి మా కులపోళ్ళు అప్పటికే తరాలుగా పోతున్న దారి అది. వర్లీలో, ప్రభాదేవిలో ఏ గల్లీలోకి పోయినా తెలుగు వినబడేది. నేను చదివింది కూడా అక్కడి మున్సిపాలిటీ తెలుగు బడిలోనే. శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి పూజ, కొత్త జంధ్యాలు, బతుకమ్మకు ఆడవాళ్ళ పాటలు, అన్నీ ఆ పదడుగుల ఖోలీ గదుల మధ్యే జరిగేవి. మాటల్లో మాత్రం సగం మరాఠీ చేరింది. జీతాన్ని పగార్ అనేవాళ్ళం, షిఫ్టును పాళీ అనేవాళ్ళం, మిల్లును గిర్నీ అనేవాళ్ళం. పొద్దున ఏడింటి పాళీకి భోంగా, అంటే మిల్లు సైరన్, మోగితే మా అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి మీద చాయ్ దింపేది. మా ఇంట్లో గడియారం లేదు. దాని అవసరమూ రాలేదు.

బాపు తొమ్మిదేళ్ళు బదిలీ కార్మికుడిగా ఉన్నాడు. బదిలీ అంటే ఇప్పటివాళ్ళు ట్రాన్స్‌ఫర్ అనుకుంటారు. మిల్లుల్లో బదిలీ అంటే ఎవరైనా పనికి రాని రోజు వాళ్ళ సాంచె, అంటే మరమగ్గం, మీద నిలబడే మనిషి. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి. జాబరు, అంటే పనికి మనుషుల్ని తీసుకునే మేస్త్రీ, బయటికి వచ్చి వేలుపెట్టి చూపిస్తాడు, నువ్వు, నువ్వు, నువ్వు. ఆ వేలు తనవైపు తిరగని రోజు బాపు టిఫిన్ డబ్బా అలాగే పట్టుకుని ఇంటికి వచ్చేవాడు. పనిచేసిన రోజుకే పగార్. నెలలో పన్నెండు రోజులు దొరికితే పన్నెండు రోజుల అన్నం. జాబరు చెయ్యి తడిపితే వేలు కొంచెం త్వరగా తిరిగేది. ఆ పైసలకు రసీదు ఉండదు కదా. బాపుకు అదొక్కటే కోపం. లంచం అడిగాడని కాదు, "ఇచ్చినట్టు సాక్ష్యం లేకపాయె" అని. వాడు మారిపోయి కొత్త జాబరు వస్తే మళ్ళీ మొదటి నుంచి తడపాలి మరి.

అట్లాంటి రోజుల్లో గుర్తింపు సంఘం మనిషి ఒకడు గేటు దగ్గర కనబడి, చందా రసీదు ఉన్నవాళ్ళ పేర్లే పర్మినెంటు జాబితాలోకి పోతాయన్నాడట. నిజమో కాదో బాపు కనుక్కోలేదు. కట్టాడు. పసుప్పచ్చ కాగితం మీద ఊదారంగు స్టాంపు. ప్రతి నెలా కట్టి ఆ కాగితాలను ఊరినుంచి తెచ్చుకున్న రేకుపెట్టెలో దాచేవాడు. 1975లో పర్మినెంటు అయ్యాడు. రసీదుల వల్ల అయ్యాడో, తొమ్మిదేళ్ళ ఓపిక వల్ల అయ్యాడో దేవుడికే తెలియాలి. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇ.ఎస్.ఐ. కార్డు, పీ.ఎఫ్. నంబరు, దీపావళి బోనస్ అనే మూడు కొత్త మాటలు వచ్చాయి. మా చెల్లె ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో పుట్టింది. నేను పుట్టినప్పుడు మంత్రసానికి ఇవ్వడానికి అవ్వ తన కాళ్ళ కడియాలు కుదువ పెట్టిందట. రెండు కాన్పుల మధ్య తేడా అంతే.

పక్క ఖోలీలో కొంకణం వైపు నుంచి వచ్చిన ఒక మామ ఉండేవాడు. వాళ్ళ తాత కూడా మిల్లు మనిషే. ఆదివారం పొద్దున గడ్డం గీసుకుంటూ ఆయన మాకొక కథ చెప్పేవాడు. మిల్లుల్లో మొదట ఆదివారం సెలవే లేదని, నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన 1884లో మిల్లు కూలీలను కూడగట్టి సంఘం పెట్టి, ఏళ్ళ తరబడి పోరాడితే 1890లో ఆదివారం సెలవు వచ్చిందని. "ఈ మటన్ కూర లోఖండేది" అని నవ్వేవాడు. చిన్నప్పుడు నేను లోఖండే అంటే మటన్ కొట్టు యజమాని అనుకునేవాణ్ణి.

ఇక డాక్టర్ సాహెబ్ సంగతి. దత్తా సామంత్ నిజంగానే డాక్టరు. ఘాట్కోపర్‌లో క్వారీ కూలీలకు వైద్యం చేస్తూ చేస్తూ కార్మిక నాయకుడయ్యాడు. ఇంజనీరింగ్ ఫ్యాక్టరీల్లో ఆయన పెంచిన జీతాల గురించి మా గల్లీలో పురాణం చెప్పినట్టు చెప్పుకునేవాళ్ళు. 1981 దీపావళికి బోనస్ దగ్గర పేచీ వచ్చింది. మిల్లు కార్మికులు గుంపుగా ఆయన ఇంటికే పోయి, మాకు నాయకత్వం వహిస్తే తప్ప కదలమని కూర్చున్నారు. మా బాపు ఆ గుంపులో లేడు, ఆ రోజు రెండో పాళీ. పోలేకపోయినందుకు చాలా ఏళ్ళు బాధపడ్డాడు. తరువాత పోయి ఆయన సంఘానికి చందా కట్టాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ బెదిరించలేదు. ఆ రసీదును పెట్టెలో వేయలేదు. చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. బొంబాయి మిల్లులకు 1946 నాటి పారిశ్రామిక సంబంధాల చట్టం ఒకటి వర్తించేది. దాని ప్రకారం ఒక పరిశ్రమలో ప్రాతినిధ్య సంఘం అని గుర్తింపు పొందినదే యజమానులతో మాట్లాడాలి, ఒప్పందం చేసుకోవాలి. కార్మికులు ఎంతమంది ఎవరి వెంట నడిచినా సరే, బల్లకు అవతల కుర్చీ ఆ ఒక్కరిదే. అంటే బాపు భయపడి చందా కట్టిన సంఘానికి కుర్చీ ఉంది, ఇష్టపడి కట్టిన సంఘానికి మనుషులున్నారు. ఈ ముడి విప్పకుండానే సమ్మె మొదలైంది. 1982 జనవరి 18, సోమవారం. సంక్రాంతికి పంచుకున్న నువ్వుండలు ఇంకా డబ్బాలో అడుగున ఉన్నాయి. రెండున్నర లక్షల మంది దాకా పని ఆపారు. మర్నాడు పొద్దున ఏడింటికి భోంగా మోగింది గానీ గల్లీలో ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు. మా బాపు మాత్రం అలవాటుగా లేచి, స్నానం చేసి, మళ్ళీ చాప మీద కూర్చున్నాడు.

మొదటి రెండు నెలలు పండుగలాగే గడిచింది. అబద్ధమెందుకు, పిల్లలకు బాపులు ఇంట్లో ఉండడం బాగుండేది. మూడో నెల నుంచి కిరాణా సేటు మొహం మారింది. ఐదో నెలకు ఇత్తడి బిందె పోయింది, తరువాత అవ్వ పుస్తెల పక్కన గుండ్లు పోయాయి. అవ్వ బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. మా గల్లీలో తెలుగు ఆడవాళ్ళకు అది ముందునుంచీ తెలిసిన పనే. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, దారం కట్టి, ఒళ్ళో చాట పెట్టుకుని వెయ్యి బీడీల దాకా చుట్టేది. బడి నుంచి వచ్చాక నేను చివర్లు మడిచేవాణ్ణి. నా పుస్తకాలు తంబాకు వాసన వేస్తున్నాయని మా పంతులమ్మ ఒకరోజు అడిగింది. చెప్పాను. మర్నాటి నుంచి ఆమె తన డబ్బాలో ఒక చపాతీ ఎక్కువ తెచ్చేది. అది నాకని ఎప్పుడూ చెప్పలేదు, మిగిలిందిరా తిను అనేది.

ఆ కాలంలో మా ఇల్లు నడిపింది నిజానికి మా చిన్నాయిన. ఆయన బొంబాయి దగ్గరి భివండీలో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. అక్కడ సంఘం లేదు, కార్డు లేదు, పీ.ఎఫ్. లేదు. పన్నెండు గంటల పాళీ, నేసిన మీటరుకింత అని లెక్క. సాంచెల మధ్యనే నిద్ర. మిల్లులు మూతపడేసరికి గుడ్డ ఆర్డర్లన్నీ భివండీకి మళ్ళాయి. సాంచెలు రాత్రింబగళ్ళు నడిచాయి. నెలకొకసారి ఆదివారం వచ్చి అవ్వ చేతిలో పైసలు పెట్టేవాడు. ఒకసారి వాళ్ళిద్దరూ గడప దగ్గర కూర్చుని మాట్లాడుకుంటుంటే విన్నాను.

"అన్నా, నీ సమ్మె పుణ్యాన మా సాంచెలకు ఊపిరాడుతలేదు. నాకు పని పెరిగింది. ఆ పైసలే నీకు తెచ్చిస్తున్న. ఇదేం లెక్కనే?"

బాపు చాలాసేపు ఏం మాట్లాడలేదు. బీడీ ఆర్పి, "నువ్వు నేసుడు ఆపితే మేం గెలుస్తం రా తమ్మీ. నువ్వు ఆపితే మేం తినం కూడా" అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. నాకు ఆ వయసులో అందులో నవ్వేదేముందో తెలియలేదు.

ఆగస్టులో బొంబాయి పోలీసులు కూడా తిరగబడి పని ఆపినప్పుడు, ఇక సర్కారు దిగివస్తుందని గల్లీ అంతా అనుకున్నారు. రాలేదు. నెలలు గడుస్తున్నకొద్దీ ఒక్కొక్క మిల్లు సగం సగం తెరవడం మొదలైంది. పొద్దు పొడవకముందే కొందరు లోపలికి పోయేవాళ్ళు. కొంకణం మామ పోయాడు. ఆయన కూతురి పెళ్ళి ఉంది. బాపు ఆయనతో ఒక ఏడాది మాట్లాడలేదు. పోయినవాళ్ళను ఇప్పుడు నేను తప్పుపట్టను, ఆ మాటకొస్తే అప్పుడూ పట్టలేదు. వాళ్ళింటి పిల్లలు నాతోటే ఆడుకునేవాళ్ళు, వాళ్ళింట్లో పొయ్యి వెలిగితే వాసన మా ఇంట్లోకి వచ్చేది. బాపు పోలేదు. పోదామనుకునే సరికి ఆయన పేరు జాబితాలో లేదు. చేరాలంటే కొత్తవాడిలా మళ్ళీ బదిలీగా చేరాలన్నారు, ఇకమీద సమ్మె చేయనని రాసివ్వాలన్నారు. ఆ గేటు ముందు మళ్ళీ ఆ వేలు కోసం నిలబడడం ఆయన వల్ల కాలేదు.

ఆ సమ్మెను అధికారికంగా విరమించినట్టు ఎవరూ ప్రకటించలేదు. దొంగలెక్కలు తీసేస్తే ఇంకా నడుస్తూనే ఉన్నట్టు లెక్క అని బాపు జోక్ చేసేవాడు, "నేను ఇంక సమ్మెలనే ఉన్న" అనేవాడు.

1983లో మేం రైల్లో సికింద్రాబాద్ దాకా, అక్కడి నుంచి బస్సులో సిరిసిల్ల చేరాం. నాకు అప్పటికి పద్నాలుగేళ్ళు. ఊళ్ళో బడి పిల్లలు నన్ను "బొంబాయోడు" అనేవాళ్ళు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఆ తరువాతి సంగతి. 1985లో బాపు పీ.ఎఫ్. తీసుకోవడానికి ఒకసారి బొంబాయి పోయాడు, నన్నూ వెంట తీసుకుపోయాడు. మిల్లు ఆఫీసులో ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిప్పుతున్నారు. ఫారం ఇంగ్లిష్‌లో ఉంది. మూడో రోజు ఎవరో చెబితే బాపు తలొంచుకుని గుర్తింపు సంఘం ఆఫీసు మెట్లెక్కాడు. సమ్మె కాలంలో ఆ ఆఫీసు ముందు నిలబడి నినాదాలు చేసిన మనిషి. లోపల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక ముసలి గుమాస్తా ఉన్నాడు. బాపును పైనుంచి కిందిదాకా చూసి, మరాఠీలో "పావతీ ఆహే కా?" అన్నాడు. రసీదు ఉందా అని. బాపు సంచిలోంచి పసుప్పచ్చ కాగితాల కట్ట తీసి టేబుల్ మీద పెట్టాడు. ఏడాది వారీగా దారంతో కట్టి ఉన్నాయి. గుమాస్తా వాటిని లెక్కపెట్టలేదు. ఒకసారి చేత్తో తడిమి, కలం తీసి ఫారం నింపడం మొదలుపెట్టాడు. టికెట్ నంబరు, చేరిన తేదీ, పర్మినెంటు తేదీ, అన్నీ. గ్రాట్యుటీకి వేరే దరఖాస్తు కూడా ఆయనే రాశాడు, అయిదేళ్ళు దాటిన పర్మినెంటు సర్వీసుకు ఏడాదికి పదిహేను రోజుల పగార్ చొప్పున హక్కుందని, అది ఎవరి దయా కాదని చెప్పాడు. ఒక్క మాట కూడా దెప్పలేదు. చాయ్ తెప్పించాడు.

బయటికి వచ్చాక బాపు రోడ్డు దాటకుండా చాలాసేపు నిలబడ్డాడు. "మనిషి మంచోడే" అన్నాడు. సంఘం మంచిదని మాత్రం అనలేదు.

పైసలు రావడానికి ఏడాదిన్నర పట్టింది. వాటితో భివండీలో పాత సాంచెలు రెండు కొని సిరిసిల్లకు లారీలో వేయించుకొచ్చాం. బాపు ఆసామి అయ్యాడు. సిరిసిల్ల సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి: సేట్ నూలు ఇస్తాడు, ఆసామి సాంచెలు నడిపించి గుడ్డ అప్పజెబుతాడు, ఆసామి కింద కార్మికుడు నేస్తాడు. ఒకదాని మీద ఒకటి మూడంతస్తులు. బాపు ఒక సాంచె తను చూసుకుని, రెండో దానికి ఒక పిల్లవాణ్ణి పెట్టుకున్నాడు. రెండు మూడేళ్ళకు కూలి పెంచాలని ఊళ్ళో కార్మికుల సంఘం సాంచెలు బందు పెట్టింది. రసీదు పుస్తకం పట్టుకుని నలుగురు కుర్రాళ్ళు మా గడప ముందుకొచ్చారు. ఆ రాత్రి బాపు గొణుగుడు నేను ఎన్నటికీ మరువను. "సేటు నాకు పెంచకుంటే నేను వీనికేడికెల్లి పెంచాలె? వీళ్ళకు ఆసామి దొరికిండు, సేటు ఇంటికి పొమ్మను చూద్దాం." అవ్వ బీడీల చాట ముందు కూర్చుని తల ఎత్తకుండానే, "మిల్లు మాలకుడు గూడ గిట్లనే అన్నడేమో అప్పుడు" అంది. పొద్దున బాపు రెండు సాంచెలూ ఆపాడు. తన దగ్గర పనిచేసే పిల్లవాడి చందా కూడా తనే కట్టి, రసీదు మాత్రం వాడి పేరున రాయించాడు.

నా వంతు 1994లో వచ్చింది. ఐ.టి.ఐ. చేసి హైదరాబాద్‌లో జీడిమెట్ల వైపు ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా ఉన్నాను. పెళ్ళయి ఏడాది. పన్నెండు గంటల డ్యూటీ చేయించి ఎనిమిది గంటలకే మస్టర్ వేస్తున్నారు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాలని ఫ్యాక్టరీల చట్టంలో ఉందని మాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. కొందరం కలిసి సంఘం పెడదామని మాట్లాడుకున్నాం. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం అప్పట్లో ఏడుగురు సంతకం చేస్తే చాలు రిజిస్ట్రేషన్‌కు పెట్టొచ్చు. ఆరుగురు సంతకం చేశారు. ఏడో గీత ఖాళీగా ఉంది. ఆ కాగితం నా చొక్కా జేబులో పదకొండు రోజులుంది.

ఆ పదకొండు రోజులు నేను వేసుకున్న లెక్కలు ఎవరికైనా తెలిసినవే. సంతకం పెడితే నన్ను వేరే రాష్ట్రంలోని గోడౌన్‌కు వేయొచ్చు. సూపర్‌వైజర్ పోస్టు రేపోమాపో అంటున్నారు, అది పోతుంది. నోటీసు లేకుండా పదిమంది కలిసి ఒక్క రోజు పని ఆపినా ఎనిమిది రోజుల జీతం కోసే వీలు చట్టంలోనే ఉంది. పెట్టకపోతే మాత్రం ఏముంది, ఓవర్‌టైమ్ ఎప్పటికీ రాదు. ఒక్కడినే పోయి అడిగితే వాచ్‌మన్ చేత బయటికి పంపిస్తారు. ఇంకో దారి కూడా ఉంది, చెప్పడానికి సిగ్గే గానీ అదీ ఆలోచించాను: మిగతావాళ్ళు పెట్టుకోనీ, పెంచితే అందరికీ పెంచుతారు కదా, చందా లేకుండా నాకూ వస్తుంది. మా ఆవిడ ఈ మూడో దారికే ఓటు వేసింది. తప్పేముంది, ఆమె కడుపుతో ఉంది.

టెన్షన్ తట్టుకోలేక బాపును పిలిపించాను. వద్దంటాడనే పిలిచాను, నిజం చెప్పాలంటే. సర్వం పోగొట్టుకున్న మనిషి కదా. ఆయన చేరమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పొద్దున చాయ్ తాగుతూ వరుసగా అడిగాడు.

"మాట్లాడే కుర్చీ ఎవరిది? మీదేనా, ఇంకోలదా?"

మాదేనన్నాను. వేరే సంఘం లేదు.

"బందు పెట్టినంక ఎత్తేసేటోడు ఎవరు? మీరా, బయటి లీడరా?"

బయటి లీడర్ ఒకాయన ఉన్నాడు గానీ, ఓటు పెట్టి తేల్చుకుందామని అనుకున్నామన్నాను.

"అనుకున్నరా, రాసుకున్నరా?"

రాసుకోలేదు.

"రాయుండ్రి" అన్నాడు. తరువాత కొంచెం ఆగి, "మీ దాంట్ల బదిలోళ్ళు ఉన్నరా?" అన్నాడు.

మా దగ్గర బదిలీలు లేరు బాపూ, కాంట్రాక్టు వాళ్ళుంటారు, అరవై మంది దాకా, వాళ్ళు వేరే, అన్నాను. బాపు గ్లాసు కింద పెట్టాడు. "వేరేనా" అని మాత్రం అన్నాడు. సాయంత్రం బస్సెక్కి పోయాడు.

పన్నెండో రోజు సంతకం పెట్టాను. ఏడాదిన్నర కొట్లాడాం. ఇద్దర్ని ట్రాన్స్‌ఫర్ చేశారు, అందులో నేను లేను. సూపర్‌వైజర్ పోస్టు నా తరువాత చేరినవాడికి పోయింది. ఒక రోజు బందుకు ఎనిమిది రోజుల జీతం పోయింది, ఆ నెల మా బాబు పాలడబ్బా అప్పు మీద తెచ్చాను. కార్మిక శాఖ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చివరికి అధికారి సమక్షంలో ఒప్పందం అయ్యింది. పారిశ్రామిక వివాదాల చట్టంలోని సెక్షన్ పేరున, మా భాషలో దాన్ని 12(3) అగ్రిమెంట్ అనేవాళ్ళం. మూడేళ్ళ జీతాలు, ఓవర్‌టైమ్ రెట్టింపు, క్యాంటీన్. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరి కార్మిక శాఖ భవనానికి ఇప్పుడు టి. అంజయ్య పేరుంది. ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలై, కార్మిక నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయినాయన. అటు పోయినప్పుడల్లా ఆ బోర్డు ఒకసారి చదువుతాను.

ఆ అగ్రిమెంటులో కాంట్రాక్టు వాళ్ళ ఊసు లేదు. చివరి రోజు మేనేజ్‌మెంట్ ఒక మాట అంది: వాళ్ళను వదిలేయండి, మీకు ఇంకో నూట యాభై పెంచుతాం. ఓటు పెట్టాం. రాసుకున్నాం కదా, ఓటు పెట్టాలని. నేను చెయ్యెత్తాను, పెంచమనే వైపు. బాపుకు ఫోన్ చేసి ఒప్పందం అయిందని చెప్పినప్పుడు ఈ ముక్క చెప్పలేదు. ఆయన అడగలేదు. అడుగుతాడని ఎన్నో ఏళ్ళు భయపడ్డాను. మా సంఘంలో చేరినందుకు ఒక్క రోజు కూడా బాధపడలేదు గానీ, ఆ చెయ్యెత్తినందుకు ఇప్పటికీ పడుతూనే ఉన్నాను. తరువాత పదేళ్ళలో పర్మినెంటు వాళ్ళం తగ్గుతూ పోయాం, కాంట్రాక్టు వాళ్ళు పెరుగుతూ పోయారు, సంఘం గేట్ మీటింగుకు ఇరవై మంది వస్తే గొప్ప అయ్యింది. దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరైనా చెప్పగలరు.

చిన్నాయిన గురించి ఒక మాట చెప్పకపోతే బాగుండదు. ఇరవై ఎనిమిదేళ్ళు భివండీ సాంచెల మధ్య ఉండి 1990ల చివర్లో ఊరికి వచ్చాడు. రెండు చెవులూ వినబడేవి కావు. ఏ సంఘానికీ చందా కట్టలేదు, ఏ సమ్మెలోనూ జీతం పోలేదు. ఒకరోజు మేనేజరు "రేపటి నుంచి రాకు" అంటే అది కూడా వినబడక మర్నాడు పనికి పోయాడట. ఈ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పాడు. బాపుకు వచ్చినట్టు ఆయనకు ఏ ఫారమూ లేదు, నింపడానికి.

బొంబాయి మిల్లుల జాగాలు అమ్ముడై, చిమ్నీల పక్కన గాజు మేడలు లేచాక, మిల్లు కార్మికులకు ఇళ్ళు ఇవ్వాలని చాలా కొట్లాట జరిగింది. చివరికి సర్కారు దరఖాస్తులు తీసుకుంది, 2012లో మొదటి లాటరీ తీసింది. దరఖాస్తులప్పుడు నేను బొంబాయి పోయాను. బాపుకు మోకాళ్ళ నొప్పులు, రాలేనన్నాడు. రేకుపెట్టె మాత్రం నా చేతికిచ్చాడు. వర్లీలో ఒక చావడి అరుగు మీద మిల్లు కార్మికుల సంఘం కుర్రాడొకడు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఫారాలు నింపుతున్నాడు. ముందు ఇరవై మంది ముసలివాళ్ళు, సగం మంది తెలుగువాళ్ళే. నా వంతు వచ్చినప్పుడు పెట్టె తెరిచాను. మిల్లు టికెట్టు, ఇ.ఎస్.ఐ. కార్డు, పగార్ చీటీలు. కింద దారంతో కట్టిన పసుప్పచ్చ రసీదులు. అన్నింటికంటే అడుగున, మడతల దగ్గర చిరిగిపోయి, ప్లాస్టిక్ కవరులో ఒక్కటే తెల్ల రసీదు. చొక్కా జేబులో తిరిగినదే. కుర్రాడు దాన్ని చూసి, "యే తో డాక్టర్ సాహెబ్ కా హై" అని పక్కవాళ్ళకు చూపించాడు. ముసలివాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు. తిరిగి నా చేతికి రావడానికి పావుగంట పట్టింది.

రాత్రి బాపుకు ఫోన్ చేశాను. ఫారం ఇచ్చేశానని, అన్ని కాగితాలూ సరిపోయాయని చెప్పాను.

"నింపినోడు ఎవరు? బ్రోకరా?"

"కాదు బాపూ. సంఘం పిల్లగాడు."

"పైసలు తీసుకున్నడా?"

"యాభై. చందా అన్నడు."

అవతల కొంచెంసేపు మాట లేదు. టీవీ శబ్దం వినబడుతోంది.

"రసీదు ఇచ్చిండా?"